ఇంటి సూదికి రెండు పుస్తకాలు

(ప్రొద్దుటూరులో మహిళల కుట్టుపని, అల్లికల శిక్షణ ముగింపు సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)

 

సామాజిక సేవలో భాగంగా మేము ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలలోని ముస్లిం వీధులలో తరచుగా తిరుగుతూ ఉంటాము. ఉపకార వేతనాల దరఖాస్తులు, పింఛను కాగితాలు, రేషను కార్డులలో తప్పొప్పులు, ఇవే మా పనులు. దరఖాస్తులో 'వృత్తి' అనే గడి దగ్గరకు వచ్చినప్పుడు "అమ్మా, మీరేమి పని చేస్తారు?" అని అడుగుతాము. "ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటాను" అన్నది చాలా ఇళ్ళలో వినిపించే జవాబు. జవాబు చెబుతున్న తల్లి వెనుక, గోడవార, బిగించిన చట్రం మీద సగం పూర్తయిన మగ్గం వర్కు రవిక ఉంటుంది. పక్కన పూసల డబ్బా, జరీ ఉండలు ఉంటాయి. గడిలో మాత్రం 'గృహిణి' అన్న మాట చేరుతుంది.

ఈ ఒక్క మాటలో ఎంత నష్టమున్నదో ఈ రోజు మీకు విన్నవించదలచాము. అయితే నష్టం గురించి చెప్పేముందు సంతోషం గురించి చెప్పవలసి ఉన్నది. సూదిపని మొదట ఒక విద్య, ఒక ఆనందం. ఆ ఆనందం తెలియనివారికి ఆ శ్రమ విలువ కూడా తెలియదు. అందుచేత ప్రతి ఇంటి సూదికి రెండు పుస్తకాలు ఉండాలని మా కోరిక. ఒకటి నమూనాల పుస్తకం, రెండవది గంటల పుస్తకం. మొదటిది విద్యను నిలుపుతుంది. రెండవది హక్కును నిలుపుతుంది.

మన నేల, మన దూది

మనకు, దూదికి ఉన్న సంబంధం నేటిది కాదు. పెన్నానది ఒడ్డున జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టూ ఉన్న నల్లరేగడి నేలలు పత్తి పండించిన నేలలు. ఆ పత్తి మీద ఆధారపడి ఎన్నో చేతులు బ్రతికాయి. ఈ ప్రాంతంలో నేటికీ చేనేత మగ్గాలు ఆడుతున్నాయి. దారం నేతగానిది కాగా, దారానికి ముందు దూదిని శుభ్రం చేసి, ఏకి, మెత్తబరచిన చేతులు మన దూదేకుల సోదరులవి. వింటివంటి సాధనపు నారిని మీటుతూ, ఆ కంపనంతో గింజా చెత్తా విడిపోయేలా దూదిని విప్పార్చడమే వారి వృత్తి. ఆ వృత్తే వారికి పేరయింది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల గ్రంథంలో కూడా వారు దూది ఏకేవారుగానే నమోదయ్యారు. ప్రభుత్వ వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అన్న పేర్లు ఒకేచోట కనిపిస్తాయి. అవన్నీ ఈ శ్రమ చుట్టూ అల్లుకున్న పేర్లే.

పరుపులు, దిండ్లు, రజాయిలు కుట్టడం కూడా వారి చేతిపనే. పరుపు నిండా దూది సమంగా పరచి, దబ్బనంతో దారం లాగి, ముడి బిగించే పనిలో ఎంత నేర్పు ఉండేదో ఆ పరుపు మీద ఏళ్ళ తరబడి పడుకున్నవారికి తెలుసు. యంత్రాలు, నురుగు పరుపులు వచ్చిన తరువాత ఆ గిరాకీ తగ్గిపోయింది. ఒక వృత్తి తగ్గినప్పుడు దానితోపాటు ఒక భాష, ఒక లెక్క, ఒక ఒడుపు కూడా తగ్గిపోతాయి. సూదిపని విషయంలో ఆ పరిస్థితి రాకుండా చూసుకోవలసిన బాధ్యత మనది.

తెలుగు కుట్టుపని మాటలను గమనించండి. దర్జీ, అస్తరు, జరీ పారశీకం నుండి వచ్చిన మాటలు. జేబు అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా వచ్చింది. 'జర్' అంటే బంగారం, 'దోజీ' అంటే కుట్టడం. ఆ రెండూ కలిసి జర్దోజీ అయింది. అదే జరీని మన తెలుగు నేతగాడు చీర అంచులో నేస్తున్నాడు, అదే జరీని మన అమ్మాయి రవిక మీద కుడుతున్నది. గొలుసుకుట్టు, కాడకుట్టు, ముడికుట్టు అన్నవి అచ్చమైన తెలుగు మాటలు. ఈ రెండు రకాల మాటలూ ఒకే బుట్టలో, ఒకే సూదిపెట్టెలో కలిసి ఉన్నాయి. మనం ఇరుగుపొరుగులతో ఎలా కలిసి బ్రతికామో చెప్పడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అవసరం లేదు.

ఇంటిలో నేర్చుకునే పద్ధతి

ఇక్కడ శిక్షణ పొందినవారు ఇంటికి వెళ్ళి చెల్లెళ్ళకు, కోడళ్ళకు, మనుమరాళ్ళకు నేర్పుతారని ఆశిస్తున్నాము. మేము చేతితో కుట్టేవారము కాము, కుట్టేవారి దగ్గర కూర్చుని విన్నవారము. విన్నదానిని మీ ముందు ఉంచుతాము, లోపమున్నచోట మీరే సరిదిద్దండి.

మొదలుపెట్టడానికి ఖర్చు పెద్దగా లేదు. మూరెడు తెల్లని నూలు గుడ్డ, ఏడెనిమిది అంగుళాల రింగు, రెండు మూడు సూదులు, ఒక చిన్న కత్తెర, నాలుగు రంగుల దారం చాలును. కొత్త గుడ్డను ముందే తడిపి ఆరబెట్టాలి. లేనియెడల కుట్టిన తరువాత ఉతికినప్పుడు గుడ్డ కుదించుకుపోయి పువ్వు ముడతలు పడుతుంది. బజారులో దొరికే ఎంబ్రాయిడరీ నూలుదారంలో సాధారణంగా ఆరు పోగులు ఉంటాయి. వాటిలో రెండో మూడో విడదీసి కుడితే గీత సన్నగా, అందంగా వస్తుంది. దారం మూరెడు పొడవు మించకూడదు. పొడవైన దారం చిక్కుపడుతుంది, గుడ్డలో పదేపదే దూరి నూగు లేస్తుంది.

కుట్లు నేర్చుకోవడానికి ఒక వరుస ఉన్నది. ముందు సూది దిగి లేస్తూ నేరుగా సాగే సాదాకుట్టు. అది సమంగా వచ్చిన తరువాత తీగెలకు, కాడలకు కాడకుట్టు. ఆపైన గొలుసుకుట్టు. పువ్వు నడుమ పుప్పొడికి ముడికుట్టు. అంచులకు కాజాకుట్టు. ఈ ఐదు చేతికి వస్తే చేతిరుమాలు, దిండు గలీబు, పిల్లల గౌను, ముసల్లా అంచు, ఏదైనా అలంకరించవచ్చును. వెనుకవైపున దారాలు చిక్కులు లేకుండా, ముడులు ఎత్తుగా లేకుండా ఉన్నవా అని చూసి పనితనాన్ని అంచనా కట్టడం పెద్దల అలవాటు. ఆ అలవాటును మనం వదులుకోకూడదు.

మనవాళ్ళు మగ్గం వర్కు అని పిలిచేది నిజానికి నేత కాదు. గుడ్డను డప్పులాగా బిగించే కర్రచట్రం మగ్గాన్ని పోలి ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. దానికి వాడే ఆరీ సూది కొన వద్ద చిన్న కొక్కెం ఉంటుంది. దారం గుడ్డ కిందివైపున ఒక చేతిలో ఉంటుంది. పైనుండి దిగిన కొక్కెం ఆ దారాన్ని ఉచ్చుగా పైకి లాగుతుంది. ఒక ఉచ్చులో నుండి మరొక ఉచ్చు వచ్చినప్పుడు గొలుసుకుట్టు ఏర్పడుతుంది. అందుచేత మామూలు సూదితో గొలుసుకుట్టు బాగా నేర్చినవారికి ఆరీపని అర్థం కావడం సులభం. నేరుగా చమ్కీ, కుందన్ల దగ్గర మొదలుపెట్టినవారికి పూసలు అంటించే పని వస్తుంది కాని కుట్టు రాదు.

బొంత గురించి కూడా ఒక మాట. మన రాయలసీమ ఇళ్ళలో పాతచీరలు, పాత పంచెలు పొరలుగా పరచి బొంత కుట్టడం అనాదిగా ఉన్నది. కొత్త గుడ్డ కంటె ఏళ్ళ తరబడి ఉతికిన గుడ్డే దానికి శ్రేష్ఠం. మెత్తగా ఉంటుంది, పసిబిడ్డ ఒంటికి గుచ్చుకోదు. పొరలు జరగకుండా ముందు పెద్దపెద్ద కుట్లతో నిలిపి, తరువాత సన్నని వరుసలతో నింపుకుంటూ పోవాలి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు ఉన్నారు. ఆఫ్రికా మూలాలు కలిగిన ఆ ప్రజలలో ముస్లింలు, క్రైస్తవులు, హిందువులు కూడా ఉన్నారు. వారి స్త్రీలు కుట్టే రంగురంగుల బొంతలను కవందీ అంటారు. నాలుగు మూలలా మడతపెట్టిన గుడ్డముక్కల పువ్వులు కుడితేనే ఆ బొంత పూర్తయినట్లు వారు భావిస్తారు. నేడు ఆ బొంతలు విదేశాల ప్రదర్శనశాలలకు కూడా చేరాయి. మన అటకల మీద ఉన్న బొంతలు వాటికి అక్కలో చెల్లెళ్ళో అవుతాయి. వాటిని చించి మసిగుడ్డలు చేయకముందే ఏ పొర ఎవరి చీరో, ఏ సంవత్సరం కుట్టినదో దాదీని, నానీని అడిగి రాసుకోండి.

నమూనాల పుస్తకం అన్నది ఇందుకే. ఒక వంద పుటల నోటుపుస్తకం తీసుకోండి. ప్రతి పుటలో ఒక జానెడు గుడ్డముక్కను కుట్టి అంటించండి. దాని మీద ఒక కుట్టు, ఒక పువ్వు లేక ఒక అంచు. పక్కన ఆ కుట్టు పేరు, ఎవరు నేర్పారు, ఎన్ని పోగులు, ఏ తేదీ అన్నవి తెలుగులోనో ఉర్దూలోనో రాయండి. చదువురాని నానీ కుట్టు వేస్తుంది, బడికి పోయే మనుమరాలు అక్షరం రాస్తుంది. ఒకరి విద్య మరొకరి విద్యకు తోడవుతుంది. ఉద్యోగకాలమంతా దస్త్రాల నడుమ గడిపిన మాకు గట్టిగా తెలిసిన విషయం ఒకటే, కాగితం మీదికి ఎక్కనిది కొన్నాళ్ళకు లేనిదిగానే లెక్కింపబడుతుంది.

'తీరికవేళ' అనే మాట

ఇక నష్టం సంగతికి వద్దాము. సూదిపని ఇంటిలో ఆనందం కోసం చేసినప్పుడు అది తీరికవేళ వ్యాపకం. దానిని ఎవరూ తక్కువచేయనక్కరలేదు. కాని అదే సూది వ్యాపారి ఇచ్చిన రవిక మీద, వ్యాపారి చెప్పిన గడువుకు, రాత్రి దీపం కింద నడిచినప్పుడు కూడా దానిని తీరికవేళ పని అని పిలిస్తే ఆ మాట ఒక కొలబద్ద అవుతుంది. 'ఊరికే కూర్చునే సమయంలో చేస్తున్నారు కదా, వచ్చినదే లాభం' అన్న వాదంతో కూలి తగ్గిపోతుంది.

దీనికి మన తెలుగునేల మీదనే ఒక పెద్ద ఉదాహరణ ఉన్నది. పశ్చిమ గోదావరి ప్రాంతంలోని నరసాపురం అల్లిక లేసుకు ప్రసిద్ధి. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు పేద స్త్రీలకు కొక్కెపు సూదితో లేసు అల్లడం నేర్పారు. కాలక్రమంలో అది వేలాది స్త్రీల చేతిపనిగా, విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకుగా మారింది. జర్మనీకి చెందిన పరిశోధకురాలు మరియా మీస్ ఆ స్త్రీల మధ్య అధ్యయనం చేసి, నరసాపురం లేసు కార్మికుల మీద 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. ఆమె గమనించినది ఏమిటంటే, ప్రపంచ విపణి కోసం గంటల తరబడి అల్లుతున్న ఆ స్త్రీలను కార్మికులుగా ఎవరూ గుర్తించలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చునే గృహిణులు కాలక్షేపానికి అల్లుతున్నారన్న భావన వ్యాపారులలోనే గాక స్త్రీలలో కూడా ఉండేది. ఆ భావన వల్లనే కూలి అతి తక్కువగా నిలిచిపోయింది. లాభం మాత్రం వ్యాపారుల వద్ద, ఎగుమతిదారుల వద్ద పోగయింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సరుకుకు పేరు వచ్చినందుకు సంతోషమే. సరుకు పేరుతోపాటు అల్లిన చేతికి కూలి కూడా పెరిగినప్పుడే ఆ గుర్తింపు సార్థకం అవుతుంది.

ముస్లిం స్త్రీల విషయంలో ఈ సమస్య మరింత లోతైనది. జస్టిస్ రాజీందర్ సచార్ అధ్యక్షతన 2005లో ఏర్పడిన కమిటీ 2006 నవంబరులో తన నివేదికను సమర్పించింది. ముస్లిం మహిళా శ్రామికులలో 70 శాతం మంది తమ ఇంటిలోనే పనిచేస్తున్నారనీ, మహిళా శ్రామికులందరినీ కలిపి చూస్తే ఈ వంతు 51 శాతమనీ ఆ నివేదిక తెలిపింది. అంటే మన స్త్రీలు పనిచేయడం లేదన్నది నిజం కాదు. వారు గడప లోపల పనిచేస్తున్నారు గనుక కనబడటం లేదు. కనబడని పనికి బేరమాడే శక్తి ఉండదు.

మరొక సంగతి కూడా గమనించండి. బజారులో మిషను ముందు కూర్చున్న మగవాడు దర్జీ. చట్రం ముందు కూర్చున్న మగవాడు కారీగరు. అదే పని ఇంటిలో చేసే స్త్రీ మాత్రం 'ఊరికే ఏదో కుట్టుకుంటుంది'. సూది ఒకటే, దారం ఒకటే, పేరే వేరయింది.

గంటల పుస్తకం

ఇక రెండవ పుస్తకం. దీనికి గొప్ప చదువు అవసరం లేదు. పుటను ఐదు గడులుగా గీయండి. తేదీ, ఏ పని, కూర్చున్న గంటలు, సొంత సామాను ఖర్చు, చేతికి వచ్చిన డబ్బు. ప్రతి రాత్రి పడుకునేముందు నింపండి.

ఒక ఉదాహరణ చెబుతాము. ఇది ఏ ఒక్క ఇంటి లెక్కా కాదు, లెక్క వేసే పద్ధతిని చూపడానికి మాత్రమే. ఒక రవికకు 600 రూపాయలు ఇస్తారనుకుందాము. దారం, పూసలు మీవే అయితే 150 రూపాయలు పోతాయి. మిగిలినది 450. రోజుకు ఐదు గంటల చొప్పున నాలుగు రోజులు కూర్చుంటే 20 గంటలు. అంటే గంటకు 22 రూపాయల 50 పైసలు. కళ్ళ మంట, నడుము నొప్పి, దీపం ఖర్చు ఇందులో చేరలేదు. రవికకు 600 అన్నప్పుడు బాగానే వినిపించింది. గంటకు ఎంత అన్నప్పుడు అసలు సంగతి బయటపడింది. ఈ లెక్క చేతిలో ఉన్నప్పుడు వ్యాపారితో మాట్లాడే స్వరమే మారుతుంది. 'కొంచెం పెంచండి' అని వేడుకోనక్కరలేదు. 'ఈ నమూనాకు ఇన్ని గంటలు పడుతుంది, ఇంతకు తక్కువైతే కుదరదు' అని చెప్పవచ్చును.

అయితే ఒక్కరు చెబితే ఆ పని పక్క వీధికి పోతుంది. పదిమంది ఒకే మాట మీద ఉంటే పోదు. అందుచేత ఒక వీధిలో కుట్టేవారు పదిమంది నెలకు ఒకసారి కూర్చుని, గంటల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని, ఏ రకం పనికి కనీసం ఎంత అడగాలో నిర్ణయించుకోవాలి. లక్నోలో చికన్ కుట్టే స్త్రీలు ఈ బాటలో నడిచారు. వారిలో ఎక్కువమంది ముస్లింలు. 1984లో అక్కడ ఏర్పడిన సేవా లక్నో సంస్థ దళారుల మీద ఆధారపడకుండా స్త్రీలే తమ పనిని అమ్ముకునే ఏర్పాటు చేసింది. దానికి ముందే, 1972లో అహ్మదాబాదులో ఇలా భట్ నాయకత్వాన స్వయం ఉపాధి మహిళల సంఘం పుట్టింది. ఇంటినుండి పనిచేసేవారూ కార్మికులేనన్న వాదాన్ని ఆ సంఘం అంతర్జాతీయ వేదికల వరకు తీసుకుపోయింది. ఫలితంగా 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహ ఆధారిత పని మీద 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిని ఇంకా ధ్రువీకరించలేదు. ఈ కోరికను మన మైనారిటీ సంఘాల తీర్మానాలలో చేర్చవలసి ఉన్నది. ఇది ముస్లింల కోరిక మాత్రమే కాదు, ఇంటిలో బీడీ చుట్టే, అగరువత్తులు చేసే, లేసు అల్లే ప్రతి స్త్రీ కోరిక.

మన చట్టాలలో ఆధారం లేకపోలేదు. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం గృహ ఆధారిత కార్మికులను నిర్వచించింది. యజమాని కోసం తన ఇంటిలో కూలికి సరుకు తయారుచేసే వ్యక్తి, పనిముట్లు, సామాను ఎవరు ఇచ్చినా సరే, ఆ నిర్వచనంలోకి వస్తారు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ నిర్వచనం కొనసాగింది. కాబట్టి దరఖాస్తులలో 'గృహిణి' అని రాయించుకున్న తల్లి, చట్టం దృష్టిలో కార్మికురాలు.

ఈ పనులు వెంటనే చేయండి. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ నమోదులో 16 నుండి 59 ఏళ్ళ వయసుగల అసంఘటిత కార్మికులు పేరు నమోదు చేసుకోవచ్చును. అక్కడ వృత్తి గడిలో కుట్టుపని అనో ఎంబ్రాయిడరీ అనో రాయించండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ వృత్తి ఉన్నది, ఎంబ్రాయిడరీకి విడిగా పేరు లేదు. మిషను మీద బట్టలు కుట్టేవారు దానికి దరఖాస్తు చేయవచ్చును. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు, తరువాత 5 శాతం వడ్డీ మీద మొదటి విడతగా లక్ష రూపాయల వరకు రుణం ఆ పథకంలో ఉన్నాయి. కుటుంబానికి ఒక్కరికే అవకాశం. జరీ, ఎంబ్రాయిడరీ చేసేవారు హస్తకళల అభివృద్ధి కమిషనర్ ఇచ్చే 'పెహచాన్' కళాకారుల గుర్తింపు కార్డు కోసం ప్రయత్నించాలి. నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక దరఖాస్తుకు ముందు ఒకసారి సరిచూసుకోండి. దళారికి డబ్బు ఇచ్చి చేయించుకోకండి. కాగితాలు నింపడానికి మావంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు, పిలిపించుకోండి.

ఆడపిల్లలు, మగపిల్లలు

ఒక విషయంలో మాత్రం కఠినంగా చెప్పవలసి ఉన్నది. సూదిపని గొప్పదని మేము చెప్పిన మాటలను సాకుగా తీసుకుని ఆడపిల్లను బడి మానిపించి చట్రం ముందు కూర్చోబెట్టడానికి వీలులేదు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్ళలోపు పిల్లలు బడి వేళల తరువాతనో సెలవులలోనో కుటుంబానికి సాయపడటం వరకే అనుమతించింది. చట్టం సంగతి అటుంచినా, పదో తరగతి చదివిన అమ్మాయి గంటల పుస్తకం రాయగలదు, బ్యాంకులో మాట్లాడగలదు, నమూనాకు తన పేరు పెట్టుకోగలదు. చదువు లేని నేర్పు ఎప్పుడూ ఒకరి చేతికింద ఉంటుంది. సాయంత్రం ఒక గంట నానీ దగ్గర కుట్టు, పగలంతా బడి. ఈ వరుస తారుమారు కాకూడదు.

ఇంకొకటి, సూదిని మగపిల్లల చేతికి కూడా ఇవ్వండి. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తమ దుస్తులు తామే కుట్టుకునేవారని, పాదరక్షలు తామే బాగుచేసుకునేవారని హదీసులు తెలుపుతున్నాయి. ఇద్రీస్ ప్రవక్తను మన దర్జీలు తమ వృత్తికి ఆదిపురుషుడిగా గౌరవిస్తారు. ఇంతటి సంప్రదాయం ఉండగా ఊడిన గుండీ కుట్టుకోవడానికి మగపిల్లవాడు అమ్మీని పిలవడంలో గొప్పతనమేమీ లేదు. సూది పట్టిన చేతికి ఒక కుట్టు వెనుక ఎంత ఓర్పు ఉన్నదో తెలుస్తుంది. రేపు అతడు వ్యాపారి అయినా, భర్త అయినా, ఆ తెలివి కుట్టేవారికి మేలు చేస్తుంది.

ఆరోగ్యం గురించి రెండు మాటలు. కుడిచేతితో కుట్టేవారు కిటికీ ఎడమవైపు ఉండేలా కూర్చుంటే చేతి నీడ కుట్టు మీద పడదు. నల్లని గుడ్డ మీది పనిని రాత్రికి పెట్టుకోవద్దు. అరగంటకు ఒకసారి తల ఎత్తి దూరంగా ఉన్న చెట్టునో మినారునో చూడండి, లేచి నాలుగడుగులు నడవండి. కళ్ళద్దాలు అవసరమైతే ఏమాత్రం వెనుకాడవద్దు. కారీగరుకు కన్నే మొదటి పనిముట్టు.

అక్కచెల్లెళ్ళారా, కూలి కోసం ఎన్ని రవికలు కుట్టినా, ఏడాదికి ఒక్కటైనా మీ కోసం కుట్టుకోండి. ఎవరి గడువూ లేకుండా, ఎవరి నమూనా కాకుండా, మీకు నచ్చిన రంగులో, మీకు తోచిన పువ్వు కుట్టండి. దాని మూలన మీ పేరు, సంవత్సరం వేయండి. దానిని అమ్మవద్దు. బిడ్డకు ఇవ్వండి. ఆనందం కోసం కుట్టినదేదో, కూలి కోసం కుట్టినదేదో మీకు స్పష్టంగా తెలిసినప్పుడు, ఒకదాని పేరు చెప్పి మరొకదానికి డబ్బు ఎగ్గొట్టడం ఎవరి తరమూ కాదు.

నిర్వాహకులకు ఒక విజ్ఞప్తితో ముగిస్తాము. ఈ రోజు ఇచ్చే ధ్రువపత్రంతోపాటు ప్రతి ఒక్కరికీ రెండు నోటుపుస్తకాలు ఇవ్వండి. మూడు నెలల తరువాత జమ్మలమడుగులోనో పులివెందులలోనో ఇదే బృందాన్ని తిరిగి కూర్చోబెట్టండి. ఆ పుస్తకాలు తెరిచి లెక్కలు పోల్చుకుందాము. ఆ లెక్కలతోనే కార్మిక శాఖ అధికారులకు, మైనారిటీ సంక్షేమ శాఖ అధికారులకు వినతిపత్రం రాద్దాము. ఆ వినతిపత్రంలో సంతకాల ఎదుట వృత్తి అన్నచోట 'కుట్టుపని కార్మికురాలు' అని రాయించే బాధ్యత మాది.